పైకప్పు తట్టి చూసినట్టు

కంపెనీ దవాఖానలో ఆ రోజు ఆయా చక్రాల కుర్చీ తోసుకొచ్చి తిన్నగా నా ముందు ఆపింది. "కూసో కాకా, మెల్లగ" అంది. నా పక్కనే నిలబడి గోడ పట్టుకుని ఆయాసపడుతున్న నా భార్యను ఆమె చూడనే లేదు. తప్పు ఆమెది కాదు. బొగ్గుబాయిలో పనిచేసే తలనెరిసిన మనిషి ఛాతీ డాక్టరు గది ముందు కనబడితే రోగి వాడే అయివుండాలని మా గోదావరిఖనిలో చిన్నపిల్లలైనా చెప్తారు.

"నాకు గాదమ్మా, ఈమెకు" అన్నాను.

"అయ్యో, ఆమెకా?" అంది ఆయా. తర్వాత ఎంతమంది నోట ఆ మాట విన్నానో చెప్పలేను.

నేను బాయిలో సర్దార్ని. ఈ పేరు వింటే బయటివాళ్ళు ఏదో జమీందారుననుకుంటారు. మా దగ్గర సర్దార్ అంటే షిఫ్టు మొదలవగానే పనిచేసే చోటికి అందరికంటే ముందు నడిచిపోయి, గాలి చూసి, పైకప్పు చూసి, బాగుందని చెప్పేవాడు. నేను బాగుందంటేనే మనుషులు లోపలికి వస్తారు. పైకప్పు చూడడానికి కళ్ళు చాలవు. ఇనుప పొన్ను వేసిన కర్రతో తట్టాలి, చెవి పెట్టాలి. బండ గట్టిగా ఉంటే టక్కుమని పొట్టిగా పలుకుతుంది. లోపల ఎక్కడో విడిపోయి ఊడిపడడానికి సిద్ధంగా ఉంటే డప్పు మీద కొట్టినట్టు డొల్లగా మోగుతుంది. ఆ డొల్ల చప్పుడు చెవిన పడ్డాక ఆలోచించేదేమీ ఉండదు. "ఎనుకకు రాండ్రి" అని అరిచి, మనమూ వెనక్కి ఉరకడమే. మా అమ్మాయి పుట్టకముందు నుంచీ చేస్తున్న పని ఇది. నేను రోజూ ఇంటికి క్షేమంగా వస్తున్నది ఆ చెవి పుణ్యమేనని మా ఇంట్లో అందరి నమ్మకం. అందరికంటే ఎక్కువ నాకే.

నా భార్యకు వానాకాలం నుంచి దగ్గు. కుట్టుమిషన్ తొక్కితే ఆయాసం. కాలనీ ఆడవాళ్ళ జాకెట్లు సగం ఆమె కుట్టినవే. జాకెట్టుకు ఒక చెయ్యి కుట్టి ఆగడం, మెడ కుట్టి ఆగడం మొదలుపెట్టింది. "దుమ్ము" అన్నాను నేను. మా దగ్గర ఏ రోగానికైనా మొదట పెట్టే పేరు అదే. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా ఉంది. నీళ్ళు చేరాయన్నారు. వీపులో సూది గుచ్చి, తేనెరంగు నీళ్ళు కొన్ని తీసి పరీక్షకు పంపారు. ఆ పరీక్షలో ఏం తేలిందో చెప్తామంటేనే ఆ రోజు వెళ్ళాం.

డాక్టరు మాటలు నాన్చలేదు. "నీళ్ళల్ల కనబడ్డ కణాలు అనుమానంగ ఉన్నయి. క్యాన్సర్ అని ఇయ్యాల్నే చెప్పలేను, కాదని గూడ చెప్పలేను. హైదరాబాద్‌కు రాసిస్తున్న. వాళ్ళు చూసి పెద్ద స్కాన్ తీస్తరు, దాంట్ల తెలుస్తది."

ఆయన చెప్తున్నంతసేపూ నేను బల్ల మీద టీ గ్లాసు అంచున వాలిన ఈగను చూస్తున్నాను. అది అంచు చుట్టూ నడిచి, బయలుదేరిన చోటికే వచ్చి, మళ్ళీ నడక మొదలుపెట్టింది. చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. ఆ హోరులోంచి నా గొంతు నాకే వినబడింది. "సార్, ఎక్స్‌రేలు మారినయేమో ఒకసారి చూడుండ్రి. మొన్ననే నాది గూడ తీసిండ్రు. నాది ఈమెకు పడ్డట్టున్నది."

డాక్టరు కోప్పడలేదు. "నీది మంచిగున్నది" అన్నాడు.

బాగుందన్న మాటకు ఎవరైనా సంతోషిస్తారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళు బొగ్గుపొడి మింగినవాడి ఊపిరితిత్తులు బాగుండడమేమిటి? బాయి మొహం చూడని మనిషివి పాడవడమేమిటి? నాకు కోపం ఎక్కువ. షిఫ్టులో నా నోటికి జడవనివాడు లేడు. ఆ రోజు మాత్రం ఎవరి మీద అరవాలో తెలియక, బయటికొచ్చి ఆటోవాడి మీద అరిచాను.

పవర్‌హౌస్ పొగగొట్టాలు కనబడే మలుపు దగ్గర ఆటోలో ఆమె నా వైపు తిరిగింది. "బాయిల దిగేది నువ్వు, దగ్గేది నేను. ఇదేం లెక్కయ్యా?" అంది. నవ్వుతూనే అంది. నవ్వు సగంలో ఉండగా దగ్గు వచ్చింది.

సాయంత్రానికి కాలనీ అంతా తెలిసిపోయింది. పక్క క్వార్టర్లో ఉండే భాయ్ పరుగెత్తుకొచ్చాడు. బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే లాంపు రూములో పనిచేసి రిటైరయ్యాడు, నాకంటే పెద్దవాడు, నేను బాయిలో చేరిన కొత్తలో నా తలదీపం బ్యాటరీ నడుముకు కట్టింది ఆయనే. వస్తూనే నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అరె తమ్మీ, నీకే అనుకున్న గదరా. నీకైతే అన్‌ఫిట్ చేయించుకుంటుంటివి, బిడ్డకు నౌకరన్న వచ్చు..." అని నాలుక కరుచుకున్నాడు.

మా దగ్గర అది అలవాటైపోయిన మాట. రోగంతో కార్మికుడు పనికి పనికిరాడని తేలితే పిల్లలకు ఉద్యోగం అడగొచ్చు. అందుకే ఎవరికి ఏ జబ్బు వచ్చిందన్నా అయ్యో అన్న మాట వెనకే ఆ మాట కూడా వచ్చేస్తుంది. భాయ్ మనసులో ఏ పాపమూ లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. "ఇంటికి పో భాయ్" అని అరిచాను. లోపలి నుంచి ఆమె గొంతు వినబడింది. "ఆయన్నెందుకు తిడ్తవు? బిడ్డకు నౌకరి గూడ తేని రోగం పట్టుకొచ్చింది నేను." భాయ్ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అది జరిగిన కాసేపటికే ఆమె కుట్టుమిషన్ ముందున్న స్టూలు మీద నాకు వీపు పెట్టి కూర్చుంది.

"ఇగో, ఆ డాక్టర్ నా ఈపు మీద ఏలు పెట్టి ఇంకో ఏలుతోటి టకటక కొట్టిండు. ఎందుకది?"

"మేం రూఫ్ తట్టినట్టే. లోపల ఎట్లున్నదో చప్పుడు జెప్తది."

"మరి నీకంటే ఎక్కువ ఎరుకైనోడు ఎవడున్నడు? కొట్టు."

నేను నవ్వాను గానీ, లోపల గర్వంగానే అనిపించింది. అప్పటిదాకా నా చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు నాకు తెలిసిన పని ఒకటి దొరికింది. ఎక్స్‌రేలో తెల్లగా కనబడిన చోటు, కుడివైపు కింద, వేలు పెట్టి తట్టాను. టక్కుమని పొట్టిగా పలికింది. గట్టి బండ. నా ప్రాణం లేచొచ్చింది. పాడు నీళ్ళు తీసేశారు కదా, గట్టిపడి ఉంటుందనుకున్నాను.

"మంచిగున్నదే. బండ లెక్క ఉన్నది" అన్నాను.

"నిజంగనా?"

"నా చెవి మీద ఒట్టు."

ఆమె భుజాలు దిగాయి. అదే ఊపులో చెయ్యి పైకి జరిపి తట్టాను. డొల్ల. ఎడమవైపు తట్టాను. డొల్ల. భుజం నుంచి నడుము దాకా ఎక్కడ తట్టినా డప్పులా మోగింది. కాళ్ళు వాటంతటవే ఒక అడుగు వెనక్కి వేశాయి. ఆ కింది ముక్క తప్ప మొత్తం విడిపోయిందన్నమాట. డాక్టర్లకింకా తెలియదు, నాకు తెలిసిపోయింది.

"ఏమైంది, ఆగినవు?" అంది.

"ఏం లేదు. అంత మంచిగనే ఉన్నది" అన్నాను.

స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుని నా ఛాతీ మీద తట్టుకున్నాను. అదీ డొల్లే. నాదీ పోయింది, డాక్టరు ఏం చూశాడో ఏమో అనుకున్నాను. ఉన్నమాట చెప్పాలంటే భయం కంటే ముందు ధైర్యం వచ్చింది. ఇద్దరం ఒకే దారిన పోతాం, వెనక ఒక్కణ్ణి మిగలను అనుకున్నాను. మొహం కడుక్కుని బయటికొచ్చి అన్నం తిన్నాను.

హైదరాబాద్ దవాఖానలో చూపించుకునే రోజు ఇంకా దూరముంది. అప్పటిదాకా రోజూ నేను డ్యూటీ నుంచి రాగానే ఆమె స్టూలు మీద నాకు వీపు పెట్టి కూర్చునేది. నేను ఆ గట్టి చోటు ఒక్కటే తట్టేవాణ్ణి. "ఎట్లున్నది?" "బండ." అంతే మా మాటలు. ఆమెకు నిద్ర పట్టడం మొదలైంది. సగంలో ఆపేసిన పెళ్ళి జాకెట్టును మళ్ళీ చేతిలోకి తీసుకుంది. మంచిర్యాల నుంచి అమ్మాయి ఫోన్ చేసి ఏడిస్తే, "మీ నాయిన తట్టి చూసిండు బిడ్డా, గట్టిగున్నదట" అని ఆమే ఓదార్చింది. భాయ్ వాళ్ళావిడ గిన్నెలో ఖిచిడీ పట్టుకొచ్చి, తన భర్తది కూడా ఒకసారి తట్టి చూడమని అడిగింది. "పేనుకు పెత్తనమిస్తె తలంత గొరిగిందట, ఇగ ఈయన దుకాణం పెడ్తడు" అని మా ఆవిడ నన్ను వెక్కిరించింది. నేనూ నవ్వాను. మధ్యాహ్నం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగితే షెల్ఫులో గిన్నెలు గలగలమంటాయి. అదిరే ఆ ఇంట్లో నవ్వుతున్న మనిషి మొహం చూడలేక, లేచి గిన్నెలు సర్దేవాణ్ణి.

ఒక్క సంగతి మాత్రం నన్ను నిలబెట్టింది. ఆ గట్టి చోటు పెరుగుతోంది. మొదట నడుముకు కొంచెం పైన ఉండేది. తర్వాత బెత్తెడు పైకి వచ్చింది. ఆ తర్వాత రెక్క ఎముక దాకా టక్కుమనడం మొదలైంది. మోగుతున్న చోటంతా మెల్లగా గట్టిపడుతోందని, దేవుడనేవాడు ఉన్నాడని నమ్మాను. ఆయాసం ఎక్కువవుతున్న మాట నిజమే. నాలుగు మాటలు మాట్లాడి ఆగుతోంది, రాత్రి దిండ్లు ఎత్తుగా పెట్టుకుని ఒరుగుతోంది. అది ఆ మిగిలిన డొల్ల వల్లనేనని, అదీ గట్టిపడితే పోతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

రామగుండంలో రైలెక్కి హైదరాబాద్ పోయాం. ఆ పెద్ద దవాఖానలోనూ కౌంటరు మనిషి నన్నే ముందుకు పిలిచాడు. ఈసారి ఇద్దరికీ విసుగు కూడా రాలేదు. చూసిన డాక్టరు మా అమ్మాయికంటే చిన్నదిగా ఉంది. కాగితాలన్నీ చదివి, మా ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టి, వీపు తట్టడం మొదలుపెట్టింది. నేను చెవులు రిక్కించాను. ఎడమవైపంతా డొల్లగా మోగింది. ఆమె ఆగకుండా తట్టుకుంటూ పోయింది. చిన్నపిల్ల, చెవి కుదరలేదింకా అనుకున్నాను. కుడివైపు పైనుంచి దిగుతూ రెక్క ఎముక దగ్గర టక్కుమనగానే ఆగింది. మళ్ళీ తట్టింది. మొహం మారింది.

నాకు ఉండబట్టలేదు. "ఆడ గట్టిగున్నది మేడం. నేను రోజూ చూస్తున్న. మొదలు ఇంత కిందికుండె, ఇప్పుడు పైదాక వచ్చింది" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "మీరు ఏం చూస్తున్నారు?"

బాయి గురించి, కర్ర గురించి, చప్పుడు గురించి చెప్పాను. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని నా వేలిని నా భార్య ఎడమ భుజం కింద ఆనించి, దాని మీద తన వేలితో తట్టింది. డొల్లగా మోగింది. నేను చెయ్యి లాక్కోబోయాను.

"ఇది బాగున్న చప్పుడండీ. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కదా. గాలి ఉన్నచోట మోగాలి" అంది. తర్వాత నా వేలిని కుడివైపు పెట్టి తట్టింది. టక్కుమంది. "ఇక్కడ గాలి ఆడట్లేదు. నీళ్ళు మళ్ళీ చేరి పైకి వస్తున్నాయి. నీళ్ళ వెనక ఇంకేమైనా ఉందా అన్నది స్కాన్‌లోనే తెలుస్తుంది."

ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఎడమవైపు బాగుంది! నాదీ బాగుంది! ఆ వెంటనే రెండోది తలకెక్కింది. నేను రోజూ తట్టి, బండ అని చెప్పి, పెరుగుతోందని మురిసిపోయింది దాన్నా? నా భార్య మా ఇద్దరికీ వీపు పెట్టి కూర్చుంది. అన్నీ వింటోంది. ఆమె మొహం నాకు కనబడదు. ఆమె వేసుకున్న జాకెట్టు మెడ కుట్టు మాత్రం కనబడుతోంది. తన చేతి కుట్టే.

ఆ రోజే మళ్ళీ కొన్ని నీళ్ళు తీశారు. స్కాన్‌కు వచ్చే వారం రమ్మన్నారు.

తిరుగు రైల్లో ఆమెకు ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. నాకే ఆడడం లేదు. పెద్దపల్లి దాటాక ఆమే అడిగింది.

"కడమ ఈపంత మోగుతున్నదని నాకెందుకు చెప్పలే?"

"భయమైంది."

"మంచిగున్నదాన్ని దాచిపెట్టి, పాడైనదాన్ని చూపించి సంబురపడ్డవు." గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేదనిపించింది. కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "నేనేమన్న బాయినా, నీకు ఎరుకుండెతందుకు? తప్పు నాది గూడ. డాక్టర్‌ను అడగాల్సింది నిన్ను అడిగిన."

తనది కూడా తప్పని ఆమె అనడం నాకు ఇంకా కోత పెట్టింది.

మర్నాడు డ్యూటీకి పోయాను. పైకప్పుకు కర్ర ఆనించి తట్టాను. డొల్లగా మోగింది. ఆ చప్పుడు చెవిన పడగానే నా మనసు "బాగుంది" అంది. వెనక మనుషులు నిలబడి నా మాట కోసం చూస్తున్నారు. ఒకడు అడుగు ముందుకేశాడు. అప్పుడు తెలివొచ్చి అరిచాను. అందరూ వెనక్కి వచ్చారు, ఎవరికీ ఏమీ కాలేదు. "ఏందే అన్న, ఇయ్యాల లేటు జేసినవ్?" అని ఒకడు అడిగాడు. పైకి రాగానే సెలవు రాసిచ్చాను. ఈ చెవిని ఇకమీద బాయిలోనైనా నమ్మొచ్చా లేదా తేల్చుకునేదాకా మనుషుల ప్రాణాలు దాని మీద పెట్టలేను.

సెలవులో ఇంట్లో ఊరికే కూర్చున్నాను. ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది. అన్నం పెట్టింది, తువ్వాలు ఎక్కడ పారేశావని తిట్టింది. పెళ్ళి జాకెట్టు పూర్తిచేసి భాయ్ వాళ్ళావిడ చేతికిచ్చి పంపించింది. సాయంత్రం మాత్రం స్టూలు మీద కూర్చోలేదు. ఆ సమయమైతే నేనే లేచి బయటికి పోయి, గేటు దగ్గర పనేదో ఉన్నట్టు నిలబడేవాణ్ణి.

స్కాన్‌కు పొద్దున్నే రైలెక్కాలి. ముందురోజు సాయంత్రం బ్యాగులో ఆమె చీరలు, కాగితాలు సర్దుతున్నాను. వెనక స్టూలు జరిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది.

"కొట్టు."

"ఇగ నేను కొట్ట. నాకేం ఎరుక లేదని తెలిసింది గదా."

"మోగే కాడ కొట్టు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి లేవలేదు. ఆమె తొందర పెట్టలేదు, జడ తీసి ముందుకు వేసుకుని కూర్చుంది. దగ్గరికి పోయి ఎడమ భుజం కింద వేలు పెట్టి తట్టాను.

"మోగుతున్నదా?"

"మోగుతున్నది."

"కొంచెం కిందికి."

అక్కడా మోగింది. ఆ చప్పుడుకు నా కాళ్ళు ఇప్పటికీ వెనక్కి పోదామంటున్నాయి. పోనివ్వలేదు. నడుము దాకా తట్టుకుంటూ వచ్చి, చెయ్యి కుడివైపు జరపబోతే ఆమె భుజం కదిపింది. "ఆడికి ఒద్దు. అది రేపు మిషినోళ్ళు చూసుకుంటరు" అంది.

మళ్ళీ ఎడమవైపుకే వచ్చాను. ఆమె చాలనేదాకా తడుతూనే ఉన్నాను.